రూట్ పాస్‌వర్డ్ అందరి చేతిలోనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మీ పేపర్లో తరచూ రాస్తుంటారు, మంచిదే, కానీ ఆఫీసుల్లో సర్వర్ల సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు, అందుకే ఈ ఉత్తరం. నేను ఒంగోల్లో హాస్పిటళ్లకీ కాలేజీలకీ, చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలకీ సర్వర్లు చూస్తుంటా. ఎక్కువ చోట్ల డేటాబేస్‌కి, అంటే వివరాలన్నీ దాచే చోటికి, ఒకటే యూజర్, రూట్, అంటే ఏదైనా మార్చగలిగే, తీసెయ్యగలిగే అకౌంట్. దాని పాస్‌వర్డేమో మానిటర్ అంచున స్లిప్ మీద రాసి టేప్ అంటించి ఉంటుంది.

పోయిన నెల ఒక హాస్పిటల్ నుంచి సాయంత్రం ఫోన్, "అన్నా, పేషెంట్లందరి బాకీ సున్నా చూపిస్తాంది" అని. వెళ్లి చూస్తే బిల్లింగ్ కుర్రాడు ఒక్కరి బాకీ సరిచేయబోయి అప్‌డేట్ కమాండ్‌లో 'వేర్' పెట్టడం మర్చిపోయాడు, ఎవరిది మార్చాలో చెప్పేది ఆ ముక్కే, అది లేకపోతే టేబుల్ మొత్తం మారిపోద్ది. ముందురోజు రాత్రి బ్యాకప్ ఉండబట్టి బతికాం, ఆ రోజు బిల్లులు మాత్రం కార్బన్ కాపీలు ముందరేసుకుని రాత్రి పన్నెండు దాకా మళ్లీ ఎక్కించాం. అందరూ కుర్రాణ్ణే తిట్టారు. నన్నడిగితే తప్పు వాడికి రూట్ ఇచ్చినోళ్లది, అందులో నేనూ ఉన్నా, మూడేళ్లుగా ఆ స్లిప్ చూస్తూ నోరెత్తలేదు.

బిల్లు కొట్టేవాడికి సెలెక్ట్, ఇన్సర్ట్ ఉంటే చాలు, అంటే చూడటం, కొత్తది ఎక్కించడం. మార్చే పని అకౌంటెంట్ గారికి, అదీ ఆయన కంప్యూటర్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, నుంచి మాత్రమే. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మనిషికి ఒక్కో గ్రాంట్ లైన్, అంటే ఏ పని చెయ్యొచ్చో అనుమతిచ్చే కమాండ్, పైసా ఖర్చు లేదు.

ఇంకో తలనొప్పి పని మానేసినోళ్లు. సర్వర్ నడిపే లినక్స్‌లో పాస్‌వర్డ్ లాక్ చేసి అయిపోయిందనుకుంటారు, వాడు ముందే ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే దూరం నుంచి లాగిన్ అవడానికి పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి లాంటి ఫైలు, పెట్టుకునుంటే పాస్‌వర్డ్‌తో పనే లేకుండా లోపలికొస్తాడు. అకౌంట్‌ని ఎక్స్‌పైర్ చెయ్యాలి, అంటే గడువు తీరినట్టు పెట్టాలి, కీ తీసెయ్యాలి, డేటాబేస్‌లో వాడి యూజర్ వేరే ఉంటది, దాన్నీ విడిగా తీసెయ్యాలి, అప్పటికే కనెక్ట్ అయ్యుంటే ఆ కనెక్షన్ కూడా కట్ చెయ్యాలి.

ఇదంతా చెప్తే ఓనర్లు "మన దగ్గర ఏముందిలే దోచుకోడానికి" అంటారు. జనం ఫోన్ నంబర్లు, రోగాల వివరాలు ఉన్నాయి కదండీ! 2023 డిజిటల్ డేటా చట్టంలో సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా రాసిపెట్టారు. జిల్లా ఎడిషన్లో ఈ విషయం ఒకసారి వేయండి, నా మాట వినని ఓనర్లు మీ పేపర్ రోజూ చదువుతారు.

ఇట్లు,
సర్వర్లు చూసుకునే ఒక పాఠకుడు, ఒంగోలు