ఊరకులోను వీచే రేవు

జెనోవా రేవు,
జనవరి 24, రాత్రి

ఒరేయ్ జోజీ,

నీ రెండు ఉత్తరాలకీ కలిపి ఇప్పుడు జవాబు రాస్తున్నాను, తిట్టుకోకు. క్రిస్మస్‌కి ముందు మొదలుపెట్టిన కాగితం సగంలోనే ఉండిపోయింది, అందులో కబుర్లన్నీ పాతబడ్డాయి. ఇక్కడ క్షేమం. తమ్ముడి ఫీజు కట్టేశారట. నాన్నకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కందిపొడి డబ్బా అడుగంటింది. ఇంటి సంగతులు ఇంతే.

నువ్వు ఓడ ఎక్కాక మూడో రోజే, అంటే ఫిబ్రవరి 10న, మాల్టా రాజధాని వలెట్టా రేవు వస్తుందని రాశావు. "సీజన్ కాదు కదా, జనం తక్కువ, పని తేలిక" అన్నావు. జనం తక్కువే. పని తేలిక అనుకుని మాత్రం వెళ్లకురా. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ముందు ఆ రేవు నోరు ఏ దిక్కుకుందో మ్యాపులో చూసుకో. ఈశాన్యానికి తెరుచుకుని ఉంటుంది. చలికాలంలో మాల్టాని కొట్టే చెడ్డ గాలి కూడా ఈశాన్యం నుంచే వస్తుంది. గ్రెగాల్ అంటారు, అక్కడివాళ్లు గ్రిగాల్ అంటారు. బాల్కన్ల మీద గాలి పీడనం ఎక్కువగా ఉండి, మాల్టాకి దక్షిణంగా అల్పపీడనం కదులుతుంటే ఇది లేస్తుంది. గ్రీసు వైపు నుంచి అడ్డు లేని సముద్రం మీద పరుగెత్తి వస్తుంది కనుక గాలి ఒక్కటే కాదు, అల కూడా వెంట వస్తుంది. మీ అమ్మ చదివే బైబిల్లో అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం తీసి చూడు, ఊరకులోను అన్న పెనుగాలి ఉంటుంది. పౌలు ఎక్కిన ఓడని పద్నాలుగు రోజులు అల్లాడించి మెలితే దగ్గర ఒడ్డుకి కొట్టింది. ఆ మెలితే మాల్టాయే అని అక్కడివాళ్ల నమ్మకం. ఆ ఓడలో 276 మంది. వెనక నుంచి నాలుగు లంగర్లు వేశారు. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న ఆ గాలిలోకే రేపు నువ్వు ఓడ మీద వెళ్తున్నావు, ఎంత విచిత్రమో చూడు!

రేవు నోటికి అటూ ఇటూ అలల్ని ఆపే రెండు బ్రేక్‌వాటర్ గోడలు ఈ గాలి కోసమే కట్టారు, 1903లో మొదలుపెట్టి. ఒక పక్క సెయింట్ ఎల్మో కోట, ఎదురుగా రికాసోలి కోట. ఎల్మో వైపు గోడకీ ఒడ్డుకీ మధ్య ఖాళీ మీద ఇనుప వంతెన కనిపిస్తుంది. పాతది 1941 జులైలో ఇటలీవాళ్ల దాడిలో కూలింది, ఇప్పుడున్నది 2012లో వచ్చింది. లోపలికి వెళ్లేటప్పుడు కుడి చేతివైపు చూడు. ఆ ఒక్క క్షణమే చూడగలవు, తర్వాత తీరిక దొరకదు.

ఎందుకో చెప్తాను. మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి లోపలికి వచ్చే ఓడల్ని ఆరేళ్లు చూసినవాడివి, నీకు చటుక్కున అర్థమవుతుంది. గ్రెగాల్ వీస్తున్నప్పుడు గాలీ అలా రెండూ ఓడ వెనక నుంచి వస్తాయి. వెనక అల ఎత్తినప్పుడల్లా చుక్కాని సరిగ్గా పట్టదు, ఓడ ముక్కు అటూ ఇటూ ఊగుతుంది. వేగం పెంచితే నిలకడ వస్తుంది. కానీ గోడ దాటాక ఓడ కట్టే పింటో వార్ఫ్ మైలు పైచిలుకు దూరమే, అంతలోనే ఆపాలి. తగ్గిస్తే చుక్కాని బలం పోతుంది. అందుకే కెప్టెనూ, రేవులోకి దారి చూపే పైలటూ తెల్లవారకముందే సూచనలు చూసి, లోపలికి వెళ్లాలా వద్దా అన్నది ముందే తేల్చుకుంటారు. వద్దనుకుంటే రేవు వదిలేసి నేరుగా తర్వాతి ఊరికి. బయట లంగరు వేసి పడవల మీద జనాన్ని దించే వీలుండదు, ఆ గాలికి అక్కడ చాటే లేదు.

ఇంకా పెద్ద సంగతి, లోపల ఓడని తిప్పడం. ఆ కాసేపు పక్క భాగమంతా గాలికి అడ్డం పడుతుంది. 300 మీటర్ల ఓడకి ఆ పక్క దాదాపు 10,000 చదరపు మీటర్లు అనుకో. 25 నాట్స్, అంటే గంటకి 46 కిలోమీటర్ల, గాలికి దాని మీద పడే తోపుడు సుమారు 100 టన్నులు. 35 నాట్స్ అయితే ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు రెండింతలు, ఎందుకంటే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఓడ ముక్కుని పక్కకి తోయడానికి ముందున్న మూడు త్రస్టర్లు ఒక్కోటి 2 మెగావాట్లైనా, మూడూ కలిపి ఇచ్చేది 80 టన్నుల చుట్టూ. మిగతాది వెనక ప్రొపెల్లర్లూ, ఓడని లాగే టగ్గు పడవలూ కాయాలి. రామకృష్ణా బీచ్‌లో గొడుగు గుర్తుందా? అదే లెక్క! గొడుగు ఎవరిదో నేను ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

తాళ్ల దగ్గర జాగ్రత్త. విశాఖలో నువ్వు జెట్టీ మీద నిలబడి మోకు అందుకున్నావు, ఇప్పుడు ఓడ మీద నుంచి ఇస్తావు, చూపు మారుతుంది. గాలి ఉన్న రోజు ముందు స్ప్రింగులనే ఏటవాలు తాళ్లు ఇస్తారు, ఓడ ముందుకీ వెనక్కీ జారకుండా. తర్వాత ముక్కు నుంచి ముందుకి పోయే హెడ్ లైన్లు, జెట్టీకి అడ్డంగా పట్టే బ్రెస్ట్ లైన్లు. అల లోపలికి దూరి రాతి గోడలకి కొట్టుకుని తిరిగి వస్తుంటే, కట్టిన తర్వాత కూడా ఓడ మెల్లగా ముందుకీ వెనక్కీ నడుస్తుంది. తాడు వదులుగా ఉంటే ఆ నడకకి ఊపు వచ్చి ఒక్కసారిగా లాగుతుంది, అప్పుడే తెగేది. తాడు చుట్టే వించిని దానంతటదే లాగి వదిలే ఆటో టెన్షన్‌లో వదిలేయకూడదు. ముందు వించి లాగుతుంటే వెనకది వదులుతూ పోయి, రెండూ కలిసి ఓడని జెట్టీ వెంట జరిపేస్తాయి. బ్రేక్ మీద పెట్టాలి. బ్రేక్‌ని మామూలుగా తాడు తెగే బలంలో 60 శాతం దగ్గర జారేలా అమరుస్తారు, తాడు తెగేలోపు వించి జారాలి కాబట్టి. తాడు వంగిన చోట లోపలి వైపు ఎప్పుడూ నిలబడకు. నీకు తెలుసు, అయినా మళ్లీ చెప్తున్నాను.

ఒక్క మేలుంది, అక్కడ పోటుపాట్లు లేనట్టే. మన రేవులో మీటరు పైనే నీళ్లు ఎక్కి దిగితే తాళ్లు సవరిస్తూ కూర్చుంటాం. అక్కడ అంగుళాల లెక్కే. ఓడ దిగే నిచ్చెన, అదే గ్యాంగ్‌వే, వాలు పెద్దగా మారదు. కానీ ఆ ఊపుకి అడుగు భాగం జెట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది, కాపలా మనిషి కళ్లు దాని చక్రాల మీదే ఉండాలి.

ప్యాసింజర్ ఓడలో వారం వారం ఫైర్ డ్రిల్, ఓడ వదిలి వెళ్లే అబాండన్ షిప్ డ్రిల్ జరగాలి కదా. మూడు నెలలకోసారైనా ఒక్కో లైఫ్‌బోటు నీళ్లలోకి దిగి తిరగాలి. ఆ పని రేవులోనే పెట్టుకుంటారు, సముద్రం వైపు బోట్లతో. వంకర అలలో దించితే ఒక కొక్కెం వదులై రెండోది బరువు పట్టుకుంటుంది, బోటు తలకిందులయ్యే ప్రమాదం అక్కడే. బోటు పూర్తిగా నీళ్ల మీద తేలాకే రెండు కొక్కేలూ ఒక్కసారే వదలాలి. ఊపు ఎక్కువుంటే దించకుండా వాయిదా వేయమని చెప్పడం తప్పేమీ కాదు. రేవులో ఓడ మీదే ఉండిపోవాల్సిన వాళ్ల జాబితా, ఐపీఎం లిస్టులో నీ పేరుంటే ఆ రోజు ఒడ్డుకి వెళ్లలేవు, ముందే చూసుకుని ఎవరితోనైనా మార్చుకో. ఎందుకంటే...

ఎందుకంటే ఆ రోజు ఫిబ్రవరి 10 రా! పౌలు ఓడ పగిలిన పండగ. మాల్టా అంతటా సెలవు. సెయింట్ పాల్ వీధిలో ఆ పేరు మీదే చర్చి ఉంది, లోపల పౌలు మణికట్టు ఎముక అని భద్రపరిచినది ఉంది. కొయ్యతో చెక్కిన పౌలు విగ్రహాన్ని భుజాల మీద ఊరేగిస్తారు, బాల్కనీల నుంచి కాగితం ముక్కలు కురుస్తాయి. మీ అమ్మకి ఫొటో పంపితే ఎంత మురిసిపోతుందో.

సెలవు కనుక సెయింట్ జాన్స్ కో-కాథెడ్రల్ చూడటానికి తెరవరు. బాధే. కరవాజ్జియో 1608లో వేసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం బొమ్మ అందులోనే ఉంది, ఐదు మీటర్ల పైన వెడల్పు. ఆయన సంతకం చేసిన బొమ్మ అదొక్కటే, అదీ యోహాను మెడ నుంచి కారిన రక్తంలోనే. ఇంకోసారి వెళ్లినప్పుడు పొద్దున్నే వెళ్లు. చలికాలంలో క్యూ తక్కువ, బొమ్మ ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు.

ఓడ దిగగానే ఎదురుగా ఒకప్పుడు మాల్టాని ఏలిన పింటో కట్టించిన 18వ శతాబ్దపు గిడ్డంగుల వరస, రంగు తలుపులతో. నీలం చేపలకి, ఆకుపచ్చ కూరగాయలకి, పసుపు గోధుమకి, ఎరుపు ద్రాక్షసారాకి. ఎడమకి కాదు, కుడివైపు నీటి వెంటే పావుగంట నడిస్తే బరాక్కా లిఫ్టు. 58 మీటర్లు పైకి లాగుతుంది. టికెట్ పైకి వెళ్లడానికే కొనాలి. పైన తోట నుంచి నీ ఓడ కాళ్ల కింద బొమ్మలా ఉంటుంది, అవతలి ఒడ్డున బిర్గూ, సెంగ్లియా ఊళ్లు. మధ్యాహ్నం 12కి కింది ఫిరంగుల వరసలో ఒక ఫిరంగి పేలుస్తారు. అది ఒకప్పుడు రేవులో ఓడల కెప్టెన్లు క్రోనోమీటర్లు, అంటే ఓడ గడియారాలు, సరిచూసుకోవడానికి పెట్టిన గుర్తు.

తడిసిన రోజు మెట్ల వీధుల్లో నిదానంగా నడు. ఆ సున్నపురాయి పాదాల కింద అరిగి అద్దంలా అయింది, రబ్బరు అడుగున్న బూట్లే వేసుకో. పస్తీజ్జీ అనే పొరల పఫ్ తిను, బఠాణీదీ రికోట్టాదీ రెండూ వేడిగానే దొరుకుతాయి. పిండిలో పందికొవ్వు కలుపుతారేమో అడిగి కొను. క్రూకి తిరిగి రావాల్సిన టైము ప్యాసింజర్ల కన్నా ముందు ఉంటుంది, గ్యాంగ్‌వే దగ్గర రాసింది చదివే దిగు.

ఇంకొకటి, అక్కడి కాథలిక్కులు దేవుణ్ని అల్లా అంటారు, వాళ్ల భాష అరబ్బీకి చుట్టం కదా, దాని గురించి మీ అమ్మతో నువ్వు...

ఓడ ముందు భాగానికి, ఫార్వర్డ్‌కి, పిలుస్తున్నారు. చిన్న పడవ మీద అవతలి ఒడ్డుకి దాటే సంగతి రాయాలనుకున్నాను, ఆ పడవవాళ్లు భలే...

వస్తున్నాను అంటున్నా వినరు. అమ్మకి నమస్కారాలు.

నీ
వాసు