గునపం సంగతి, నీ నడుం సంగతి

గాజువాక, విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం మంగళవారమే అందింది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకోకు. నాలుగు పేజీలు రాశావు. అందులో మూడున్నర పేజీలు మీ మావగారి కొట్టు బాకీలు, పిల్లదాని స్కూలు ఫీజు. చివర్లో మాత్రం "ప్లైవుడ్ దొంతర మధ్యలోంచి ఒక షీటు తీయాలంటే ఏం కొనాలిరా, నడుం పోయింది" అని ఒక్క ముక్క. నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే కాబట్టి దానికే జవాబు రాస్తున్నా. ఫోనులో చెబితే నువ్వు "ఊఁ ఊఁ" అని మళ్ళీ వెళ్ళి చేతులతోనే లాగుతావు. కాగితం మీదుంటే కొట్లో గోడకి అంటించుకోవచ్చు.

ముందు పేర్ల గొడవ తీర్చుకుందాం. మీ అనంతపురంలో గడ్డపార అంటారు, మా దగ్గర గునపం. పాలిటెక్నిక్‌లో ఉండగా హాస్టల్ వెనక గుంజ పాతుతూ నువ్వు "గడ్డపార ఇవ్వురా" అంటే నేను పార తెచ్చిచ్చాను, గుర్తుందా? ఈ ఉత్తరంలో గునపం అనే రాస్తా. నువ్వు చదివేటప్పుడు మార్చుకో.

నువ్వు రాసిందాన్ని బట్టి చూస్తే ఇప్పటికే ఒక గునపం కొన్నావు, దాంతో పని జరగలేదు. జరగదు కూడా. నేనూ షెడ్డులో చేరిన కొత్తలో అదే తప్పు చేశాను. గునపం నేల మీదున్న బరువుకి. దాని కొన బరువు కిందికి పోవాలి, కొనకి కాస్త ఇవతల నేల మీద ఒక చెక్క ముక్క ఆనిక పెట్టాలి, అప్పుడు పైనున్న కొసని కిందికి నొక్కాలి. నీ షీటేమో నడుమెత్తున, దొంతర మధ్యలో ఉంది. అక్కడ ఆనిక ఎక్కడ పెడతావు? గాలిలోనా? అందుకే నువ్వు గునపాన్ని సందులోకి దూర్చి పైకి ఎత్తి ఉంటావు. అంటే బరువంతా మళ్ళీ నీ నడుం మీదే పడింది, మధ్యలో ఇనుప కడ్డీ ఒకటి అదనం.

దీని గురించి నాకు కళ్ళు తెరిపించినవాడు మా షెడ్డులో పెద్ద కళాసీ. వయసు అరవై దాటింది, అందరూ బాబాయ్ అంటారు. పోర్టులో ఎన్నో ఏళ్ళు బరువులు దించిన మనిషి. నేను చేరిన వారంలోనే ఒక గ్రానైటు పలక కింద గునపం పెట్టి వేలాడుతుంటే వచ్చి నిలబడి చూశాడు. "ఏటి బాబూ, రాయితో కుస్తీ పడతన్నావా? ఆ సెక్క కాస్త లోపలికి జరుపు" అన్నాడు. కొనకి అడుగు దూరంలో ఉన్న చెక్కని మూడంగుళాల దూరానికి జరిపాడు. అంతే. నేను రెండు చేతులతో వేలాడితే కదలని పలక, ఆయన ఒంటి చేత్తో నొక్కితే లేచింది.

తర్వాత ఇంటికొచ్చి లెక్క వేసుకున్నా. అయిదు అడుగుల గునపం, అంటే 60 అంగుళాలు. ఆనిక కొనకి 3 అంగుళాల్లో ఉంటే చేతి వైపు 57 అంగుళాలు మిగులుతుంది. 57ని 3తో భాగిస్తే 19, అంటే నా బలం 19 రెట్లవుతుంది. అదే ఆనిక 12 అంగుళాల్లో ఉంటే 48ని 12తో భాగించు, 4. అదే గునపం, అదే మనిషి, చెక్క ఎక్కడుందన్నదే తేడా. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైటు పలక 300 కిలోల దాకా తూగుతుంది. ఒక అంచు మాత్రమే లేపుతున్నాం కాబట్టి సగం, 150 కిలోలు. 19తో భాగిస్తే 8 కిలోలు. బియ్యం సంచి మోసేంత బలం కూడా అక్కర్లేదు. అయితే చెయ్యి 19 అంగుళాలు దిగితే పలక లేచేది ఒక్క అంగుళమే. ఆ ఒక్క అంగుళం చాలు. దాని కింద రీపర్ (సన్నటి చెక్క పట్టీ) ముక్క ఒకటి దూర్చితే, మళ్ళీ ఆనిక కింద ఇంకో చెక్క వేసి ఇంకో అంగుళం.

ఇక నీ దొంతర దగ్గరికి వద్దాం. దానికి కావలసింది మెడ వంచిన బారు. రెండున్నర అడుగుల పొడవు చాలు. కొన పల్చగా, చదునుగా, రెండు మూడు అంగుళాల వెడల్పు ఉండాలి. కొన దాటిన రెండంగుళాల తర్వాత మెడ పైకి వంగాలి. ఆ వంపు కింది భాగాన్ని మడమ అనుకో. కొనని రెండు షీట్ల మధ్య పెడితే మడమ కింది షీటు అంచు మీద కూర్చుంటుంది. పిడి వాలుగా పైకి లేచి ఉంటుంది. పిడిని కిందికి నొక్కితే మడమ దొర్లుతుంది, కొన పైకి లేస్తుంది. ఆనిక ఎక్కడ పెట్టాలన్న బాధే లేదు, బారులోనే ఉంది.

మీ దగ్గర 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8 బై 4 షీటు ఒక్కోటి 30 నుంచి 35 కిలోలు ఉంటుంది కదా. పైన 15 షీట్లున్నాయనుకో, అర టన్ను. అంచుకి పావు టన్ను. పిడి 28 అంగుళాలు, కొన 2 అంగుళాలు, అంటే 14 రెట్లు. నువ్వు నొక్కాల్సింది 18 కిలోల దగ్గర. మీ ఆవిడ కూడా నొక్కగలదు, నువ్వు పక్కన కూర్చుని బిల్లులు రాసుకోవచ్చు. (ఈ పేజీ చెల్లెమ్మకి చూపించకు.)

ఒక జాగ్రత్త. ప్లైవుడ్ మెత్తన, మడమ కింద అంచు నలిగిపోతుంది. నలిగిన అంచు చూసి కార్పెంటర్లు బేరం మొదలుపెడతారు. మడమ కింద ఒక పల్చటి ఇనుప పట్టీ వేసి అప్పుడు నొక్కు. ఇంకోటి, బారు కొన దూరేంత సందు కూడా ముందు ఉండదు. దానికి చెక్కతో చెక్కిన చీలికలు రెండు మూడు చేయించుకో, ముందు పల్చగా వెనక మందంగా. వాటిని చెక్క సుత్తితో మెల్లగా తట్టితే సందు పడుతుంది. ఇనుప ఉలి పెట్టి కొట్టకు, పై పొర లేచిపోతుంది.

చీలిక అంటే నీకు చిన్నచూపు ఉండొచ్చు. మా తాత షిప్‌యార్డులో పనిచేసిన సంగతి నీకు తెలుసు. 1948లో నెహ్రూ వచ్చి జలఉష ఓడని నీళ్ళలోకి దింపిన యార్డు అది. తాత ఆ రోజుకి అక్కడ లేడుగానీ తర్వాత చాలా ఓడలు దిగడం చూశాడు. స్లిప్‌వే మీద, అంటే నీళ్ళలోకి దిగే వాలు మీద, కట్టే ఓడ మొదట్లో దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. దాని బరువుని కింద జారే తొట్టె మీదికి మార్చాలంటే వరసగా చీలికలు పెట్టి, మనుషులు వరసగా నిలబడి ఒకేసారి సమ్మెటలతో కొడతారు. వేల టన్నుల ఓడ వెంట్రుకవాసి లేస్తుంది. తాత ఆ చప్పుడు గురించి చెప్పేవాడు, ఎవడైనా ఒకడు తాళం తప్పితే మేస్త్రి తిట్టే తిట్లు కూడా. ఆ తిట్లు ఇక్కడ రాయను.

తాళం అంటే గుర్తొచ్చింది. ఇద్దరు రెండు బార్లతో లేపుతుంటే ఒకడే అరవాలి, రెండోవాడు వినాలి. బాబాయ్ వాళ్ళు "ఐలెస్సా" అనేది సరదాకి కాదు, అందరి బలం ఒకేసారి పడడానికి. లేపేటప్పుడు కంటే దించేటప్పుడే దాని అవసరం ఎక్కువ. ఒకడు ముందు వదిలేస్తే మొత్తం రెండోవాడి మీద పడుతుంది.

నా వేలి కథ నీకు సగమే తెలుసు. వానలో జారిపడ్డానని మా అమ్మకి చెప్పిన అబద్ధమే నీకూ చెప్పాను. అసలు జరిగింది ఇది. రెండేళ్ళ కిందట వానాకాలంలో 10 మిల్లీమీటర్ల ఇనుప రేకులు దొంతరలోంచి తీస్తున్నాం. 8 బై 4 రేకు ఒక్కోటి 230 కిలోల పైన. మధ్యలో నూనె, తడి చేరి రెండు రేకులు అతుక్కుపోయాయి. అలా అతుక్కుంటే పొడుగువైపు మధ్యలో పట్టి ఎంత లేపినా రావు, మధ్యలోకి గాలి దూరాలి. మూల దగ్గర చీలిక కొట్టి, ఆ మూల లేపి, కాసేపు ఆగితే చుయ్‌మని గాలి లోపలికి పోయి విడిపోతాయి. అదంతా సరిగ్గానే చేశాం. రేకు లేచింది. కుర్రాడు బారు నొక్కి పట్టుకున్నాడు. నేను రీపర్ ముక్కని చేత్తో లోపలికి తోశాను. పక్కనే ఇంకో రీపర్ ఉంది, దాంతో తోయొచ్చు. అది వంగి అందుకోవడానికి బద్ధకించాను. కుర్రాడి చెమట చేతిలో పిడి జారింది. ఉంగరం వేలి చివర గోరుతో సహా పోయింది. కుర్రాడు నాకంటే ఎక్కువ ఏడ్చాడు. వాడి తప్పేం లేదు, చెయ్యి పెట్టింది నేను. నా అక్షరాలు ఇంత వంకరగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందా?

కాబట్టి నీ కొట్లో ఒక్క పని మాత్రం ఇవాళే చెయ్యి. రెండడుగుల పొడవున్న కర్రలు నాలుగు, ఎర్ర రంగు వేసి, దొంతరల పక్కనే గోడకి వేలాడదియ్యి. లేపిన సందులో దూర్చే ప్యాకింగ్ ముక్కల్ని వాటితోనే తోయాలి, వాటితోనే లాగాలి. వంగక్కర్లేకుండా చేతికందే ఎత్తులో ఉండాలి. నా వేలు పోయింది ఆ వంగడం దగ్గరే.

జాకీ కొననా అని కూడా అడిగావు. కారు జాకీ, బాటిల్ జాకీ అన్నీ మంచివే, కానీ అవి బరువు కిందికి దూరడానికే కొన్ని అంగుళాల ఎత్తు సందు కావాలి. ముందు గునపంతో లేపితే తప్ప జాకీ పట్టదు. మట్టి నేల మీద పెడితే కిందికి దిగబడుతుంది, మందపాటి పలక వేసి పెట్టాలి. నూనె సీలు పాతబడితే నీకు తెలియకుండా మెల్లగా దిగిపోతుంది. అందుకని జాకీ లేపడానికే, మోయడానికి ప్యాకింగ్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు గోడ మీద పడింది. రోజుల తరబడి కరెంటు లేదు, క్రేన్ల కోసం ఊరంతా ఎదురుచూసింది. వీధిలో కార్లున్నవాళ్ళంతా జాకీలు తెచ్చారు. బాబాయ్ వాటిని చూసి ముందు ఇటుకలు, దుంగ ముక్కలు పోగెయ్యమన్నాడు. ఒక్కో అంగుళం లేపడం, ఒక్కో అంగుళం పేర్చడం. సాయంత్రానికి చెట్టు మొదలు గోడ మీంచి లేచింది, గోడ నిలబడింది. ఆ రాత్రి వీధి మొత్తానికి మా ఇంట్లోనే ఉప్మా.

గాజు పట్టుకునే రబ్బరు కప్పుల పిడులు ఎవరో అమ్మజూపారన్నావు. నున్నటి టైల్సుకి, పాలిష్ చేసిన గ్రానైటుకి బాగుంటాయి, తుడిచి పెడితేనే. మీకు పక్కనే దొరికే తాడిపత్రి బండలు గరుకుగా ఉంటే వాటికి పట్టవు, గాలి దూరిపోతుంది. చైన్ పుల్లీ సంగతి ఇప్పుడు వద్దు. నువ్వు దాన్ని కొట్టు రేకుల కప్పు దూలానికి వేలాడదీస్తావని నాకు తెలుసు, ఆ దూలం కప్పుని మోయడానికే పెట్టింది.

గ్రానైటు పలకల్ని మాత్రం దయచేసి పడుకోబెట్టకు. ఇంగ్లీషు A అక్షరం ఆకారంలో స్టాండు చేయించి రెండు వైపులా వాలుగా నిలబెట్టు, తీసేటప్పుడు రెండు వైపుల నుంచీ సమానంగా తియ్యి. ఒకే వైపు ఖాళీ చేస్తే స్టాండే తిరగబడుతుంది. నిలబడిన పలక ముందు ఎవరూ నిలబడకూడదు. పడుతున్న పలకని పట్టుకోబోయేవాడిని వెనక్కి లాగాలి. 300 కిలోలని పట్టుకునే మొనగాడు మన బ్యాచులో ఎవడూ లేడు.

చవకైన ఉపాయం ఒకటి చెప్పనా? సరుకు దిగేటప్పుడే ప్రతి అయిదు షీట్లకీ మూడు రీపర్లు అడ్డంగా వేయించు, పై వరస రీపర్లు కింది వరస మీదికే సరిగ్గా రావాలి, లేకపోతే షీట్లు వంగుతాయి. హమాలీలు సణుగుతారు, టీ ఇప్పించు. తర్వాత సగం సార్లు నీకు బారు అవసరమే రాదు. ఇది చదివి నవ్వకు, ముందే ఇది రాస్తే మిగతా ఉత్తరం చదవవని చివర్లో పెట్టాను.

బారుకి మాత్రం కొట్ల వెంట తిరగకు. నేనే చేయిస్తున్నా. ఇక్కడ గాజువాకలో ఒక కమ్మరి ఉన్నాడు, లారీ కమాను పట్టా ముక్కతో చేస్తాడు. స్లాబు రాడ్డు ముక్కతో చేస్తే వంగిపోతుంది, పైపు అయితే నలిగిపోతుంది. కొనని మరీ గట్టిగా కాల్చి ముంచొద్దని చెప్పాను. గట్టిపడితే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. నీ గునపం పారేయకు. అడ్డుకొలత తెలిస్తే దాని బరువు మన పాత సూత్రంతోనే చూసుకో, మిల్లీమీటర్ల వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. 25 మిల్లీమీటర్లదైతే అయిదు అడుగులకి ఆరు కిలోల దగ్గర రావాలి. బాగా తక్కువ వస్తే లోపల బోలు, తిరిగి ఇచ్చెయ్యి.

అమ్మ నిన్ను అడిగింది. నీ నడుముకి ఏదో నూనె చెబుతోంది, నేను డాక్టరు దగ్గరికి వెళ్ళమంటున్నా. బారుతో పాటు మాడుగుల హల్వా కూడా పార్సిల్లో వేస్తున్నా. అది పిల్లదానికి.

కమ్మరి బారు మీద పేరు కొట్టిస్తానన్నాడు. నీ పేరు కొట్టించమంటావా, మీ మావగారి కొట్టు పేరా? బుధవారం లోపు ఫోన్ చెయ్యి, ఇనుము చల్లారితే మళ్ళీ కాల్చాలంటాడు.

నీ
వంకర అక్షరాల మావ