మా రిజిస్టర్లో లేదు

సంపాదకులు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి అవతల కొండ దిగువ చిన్న వూరండి, ఒడిశా గజపతి జిల్లా, మీ పేపరు పాతపట్నం మీదుగా పొద్దున్న బస్సుకి వస్తాది. మొన్న విదేశీ ఎంబసీలు పల్లెటూళ్ళకిచ్చే చిన్న గ్రాంట్ల గురించి వేసారు కదా, బాగానే ఉంది గానీ ఇచ్చేదాకానే రాసారు, ఇచ్చాక సంగతి నేను చెప్తాను.

మావూళ్ళో అలాంటి గ్రాంటుతోనే ఓ సంస్థవాళ్ళు సోలార్ మోటారు, నల్ల ట్యాంకు, 4 కుళాయిలు పెట్టారు. రిబ్బన్ కటింగు, ఫోటోలు, అందరికీ పులిహోర. రెండేళ్ళు నీళ్ళు చక్కగా వచ్చాయి, ఆడవాళ్ళకి బిందెలెత్తుకుని ఏటికెళ్ళే బాధ తప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత మోటారు కాలిపోయింది. పంచాయతీకెళ్తే అది మేం వేసింది కాదు మా రిజిస్టర్లో లేదు అన్నారు, సంస్థకి ఫోన్ చేస్తే ప్రాజెక్టు క్లోజైపోయింది రిపోర్టు కూడా పంపేసాం అన్నారు. ఇప్పుడు ట్యాంకు నీడన మేకలు పడుకుంటున్నాయి, కుళాయి గట్టు మీద మా వదిన వడియాలు ఆరబెడతాది. శిలాఫలకం మాత్రం నిగనిగలాడతంది.

సంస్థని తిట్టడం లేదండి, రూల్సే అలా ఉన్నాయి. జపాన్ వాళ్ళు 1989 నుంచి ఇలాంటి చిన్న గ్రాంట్లు చాలా దేశాలకి ఇస్తున్నారు, కట్టడానికీ కొనడానికీ ఇస్తారు, రోజూ నడిపే ఖర్చుకి ఇవ్వరు. పోనీ సంస్థే ఓ పదివేలు మా పొదుపు సంఘం పేరున వేసి వెళ్దామంటే 2020లో ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం మార్చాక విదేశీ డబ్బు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. మేమే నేరుగా తెచ్చుకుందామా అంటే ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి, రిజిస్ట్రేషన్‌కి మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు పెట్టిన లెక్క చూపించాలట, నెలకి వందేసి దాచుకునే సంఘానికి అంత లెక్క ఎక్కడిదండి!

మన దేశం మాత్రం నేపాల్లో 2003 నుంచి బళ్ళు, ఆసుపత్రులు, మంచినీళ్ళ పనులు చిన్న గ్రాంట్లతో చేయిస్తంది, అక్కడ పని చేయించేది అక్కడి లోకల్ గవర్నమెంటే. అంటే రేపు ఏదైనా పాడైతే అడగడానికి ఓ ఆఫీసు ఉంటాది. ఇక్కడ కూడా గ్రాంటు ఎవరిచ్చినా సరే, పని మొదలవకముందే పంచాయతీ దగ్గర సంతకం తీసుకుని వాళ్ళ రిజిస్టర్లోకి ఎక్కించాలి, ఎక్కించందే ఆఖరి బిల్లు ఇవ్వకూడదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం మంచినీళ్ళకీ పారిశుధ్యానికే కేటాయించారు కదా, పంచాయతీకి డబ్బు లేదనడానికి లేదు, మా ట్యాంకు పేరు ఒక్క లైను లేదు అంతే.

పర్లాకిమిడిలో మెకానిక్కు వైండింగుకి 3500 అడిగాడు. ఇంటికి వందేసి వేసుకుంటున్నాం, ఇప్పటికి 2600 అయ్యింది.

- ఒక పాఠకుడు, గజపతి జిల్లా