'పరిష్కారమైంది' అని మీరే తేల్చేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ విభాగంలో పెద్దలెవరైనా ఉంటే వారికి,

అయ్యా/అమ్మా,

నమస్కారం. కోనసీమలో అంబాజీపేట నుంచి రాస్తున్నాను. మాది కొబ్బరి వ్యాపారం. మీ కంప్యూటర్‌లో నా ఆర్డర్ నంబరు కొడితే "ఫిర్యాదు పరిష్కారమైంది, కస్టమర్ సంతృప్తి చెందారు" అని వస్తోందట. నిన్న మీ దగ్గర పనిచేసే అమ్మాయే చదివి వినిపించింది. ఆ సంతృప్తి చెందిన మహానుభావుడు ఎవరో గానీ, నేను మాత్రం కాదండి. ఎక్కడైనా దొరికితే ఒకసారి నాతో మాట్లాడించండి. ఎవరితో మాట్లాడితే పని జరిగిందో ఆయన్నే అడిగి తెలుసుకుంటాను.

ముందు వస్తువు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నాది 2016 మోడల్ బలెనో. బండికి ఏ లోటూ లేదు. మా అల్లుడుగారు 2022లో వచ్చిన కొత్త బలెనో కొన్నారు. అందులో స్పీడు కళ్లెదురుగానే కనబడుతుంది, తల దించి మీటరు చూడక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లం, ఎదురుగా హై బీమ్ దించని లారీ, రాత్రి తొమ్మిదింటికి కొత్తపేట నుంచి వస్తుంటే మా గట్టు రోడ్ల మీద అది ఎంత ధైర్యమో నడిపేవాడికే తెలుస్తుంది. అందుకే "మీ పాత కారుకూ అచ్చం ఫ్యాక్టరీలో బిగించినట్టే హెడ్ అప్ డిస్‌ప్లే" అన్న మీ ప్రకటన చూసి డబ్బు కట్టాను. రాజమండ్రిలో మీ ఫిట్టింగ్ పాయింట్ వాళ్లు డ్యాష్‌బోర్డు కోసి మరీ బిగించారు. ఆ సాయంత్రం చూస్తే అద్దం మీద అంకె ఒకటి, దానిమీద దాని దయ్యం ఇంకొకటి. అరవైలో వెళ్తుంటే రెండు అరవైలు. ఎనభై అయితే, ఆరో ఎనిమిదో మూడో తేల్చుకునేలోపు మలుపు వచ్చేస్తుంది.

దానికి నాకు కోపం రాలేదండి. వస్తువన్నాక తేడా వస్తుంది. పైకి నిగనిగలాడే కొబ్బరికాయ కూడా కొట్టాక కుళ్లు తేలుతుంది. అప్పుడు మా కొట్టులో ఇంకో కాయ చేతిలో పెడతాం. "తుడిచి మళ్లీ కొట్టి చూడండి" అనం.

మీవాళ్లు మొదటి ఫోన్‌లో అన్నది సరిగ్గా ఆ మాటే. అది కూడా వెంటనే కాదు. తెలుగు కోసం నాలుగు నొక్కమంది మీ మిషను. నొక్కాను. "జీ సర్, బతాయియే" అంది ఒక గొంతు. తెలుగు కావాలమ్మా అంటే "హోల్డ్ కీజియే" అని పాట పెట్టింది. మధ్యమధ్యలో "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని మిషను అంటూనే ఉంది. అంత విలువైనదాన్ని ఎత్తితే అరిగిపోతుందనుకున్నారో ఏమో, చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. చివరికి వచ్చిన కుర్రాడు సమస్య మొత్తం విని "విండ్‌షీల్డ్ శుభ్రంగా తుడవండి సార్" అన్నాడు. తుడిచాను. శుభ్రమైన అద్దం మీద రెండు అంకెలూ ఇంకా స్పష్టంగా కనిపించాయి.

తర్వాత చేసినప్పుడు ఇంకో కుర్రాడు. కారు ఏ మోడల్, ఆర్డర్ నంబరు ఎంత, సమస్య ఏమిటి, అన్నీ మళ్లీ మొదటినుంచి. "ముందు చెప్పింది అక్కడ రాసి ఉంటుంది కదా బాబూ" అంటే "సిస్టమ్ స్లోగా ఉంది సార్" అన్నాడు. ఓబీడీ పోర్టులో, అంటే స్పీడు లాంటి వివరాలు కారు నుంచి తీసుకునే సాకెట్‌లో, వైరు పీకి మళ్లీ పెట్టమన్నాడు. స్పీడు తప్పు చూపిస్తే వైరు సంగతి చూడాలి గానీ, కరెక్టు స్పీడే రెండుసార్లు కనిపిస్తుంటే వైరు ఏం చేస్తుందండి? ఇంకొకాయన అయితే "కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నారా సార్?" అని అడిగాడు. పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుంటే డిస్‌ప్లే మసకబారే మాట నిజమే, కాదనను. కానీ రాత్రిపూట కూలింగ్ గ్లాసులు పెట్టుకుని కాలువ గట్టు మీద కారు నడిపేవాడు ఎవడండీ? కాగితంలో ఏం రాసుంటే అది చదవడమే గానీ, అవతలివాడు చెప్పేది వినే అలవాటు లేదన్నమాట.

అన్నిటికీ తలమానికం ఫోటో సంగతి. వాట్సాప్‌లో ఫోటో పంపమన్నారు. చీకట్లో కారు ఆపి, డ్రైవరు సీట్లో కూర్చుని, కంటికి ఎలా కనిపిస్తోందో అలాగే తీసి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది: "ఫోటో క్లియర్‌గా లేదు సార్. చెయ్యి కదిలినట్టుంది, అంకె రెండుగా కనిపిస్తోంది. దయచేసి మళ్లీ తీయండి." ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో భద్రంగా ఉంది. మా కొబ్బరి వర్తకుల గ్రూపులో పెడితే ఒలుపు కూలీలతో సహా నవ్వారు. అయ్యా, రెండుగా కనిపించడమే నా కంప్లైంటు!

పోనీ టెక్నీషియన్‌ని పంపుతున్నాం అన్నారు. ఆ రోజు కాయల లోడు ఎత్తించాల్సి ఉన్నా కొట్టుకి వెళ్లకుండా అరుగు మీదే కూర్చున్నాను. మనింటికి పనిమీద వచ్చినవాడు ఆకలితో వెళ్లకూడదని మా ఆవిడ ఆవపెట్టి పనసపొట్టు కూర చేసింది. పదకొండింటికి ఫోన్ చేసి "జొన్నాడ బ్రిడ్జి దాటాను సార్, లొకేషన్ పెట్టండి" అన్నాడు. పెట్టాను. తర్వాత ఆ నంబరు స్విచ్ ఆఫ్. సాయంత్రం నాలుగింటికి మీ యాప్‌లో వచ్చిన మాట ఏమిటో తెలుసా? "కస్టమర్ అందుబాటులో లేరు." అరుగు మీద కూర్చున్నవాణ్ణి, కూర చల్లారిపోతోందని లోపలి నుంచి మాట పడుతున్నవాణ్ణి, నేను అందుబాటులో లేనట! జొన్నాడ దాటి ఆ అబ్బాయి ఏ లంకలో దిగిపోయాడో ఇప్పటికీ తెలియదు.

మళ్లీ టెక్నీషియన్ కావాలంటే "మీ పిన్‌కోడ్‌కి సర్వీసు లేదు సార్" అన్నారు. బాగుంది. కిట్టు డబ్బా అదే పిన్‌కోడ్‌కి పంపినప్పుడు, డబ్బు అదే పిన్‌కోడ్ నుంచి కట్టించుకున్నప్పుడు మా ఊరు మ్యాపులో ఉంది. బాగుచేయాల్సి వచ్చేసరికి గోదాట్లో కలిసిపోయినట్టుంది.

మీ కాల్ సెంటర్ మొత్తానికి తెలియని సంగతి రాజమండ్రిలో కార్ల అద్దాలు మార్చే ఒక మేస్త్రి రెండు నిమిషాల్లో చెప్పాడు. ముందు అద్దం ఒక్క పలక కాదు, రెండు గాజు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. వెలుగు లోపలి ముఖం మీదా పడి తిరిగొస్తుంది, బయటి ముఖం మీదా పడి తిరిగొస్తుంది. అందుకే రెండు బొమ్మలు. కంపెనీలోనే అద్దం మీద డిస్‌ప్లే ఇచ్చే కార్లకు ఆ మధ్య పొరను కింద పలచగా, పైన మందంగా వేస్తారు. అప్పుడు రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిపోతాయి. మా అల్లుడుగారి బండిలో అయితే అంకె పెద్ద అద్దం మీద కాదు, డ్యాష్‌బోర్డు మీద లేచే చిన్న పలక మీద పడుతుంది. నా పాత బండిది మామూలు అద్దం. మరి డ్యాష్‌బోర్డు కోసేముందు "అద్దం కూడా మార్చాలి సార్" అనో, "చిన్న పలక పెట్టే మోడల్ తీసుకోండి" అనో ఒక్క మాట చెప్పాలా వద్దా? తెలియక చెప్పలేదా? తెలిసి చెప్పలేదా? ఏది నిజమైనా ఒక కాగితం మీద రాసి పంపండి, పటం కట్టించుకుంటాను.

మీరంటే గిట్టని వాణ్ణి కాదు నేను. నా బండికి వెనక కెమెరా మీదే. మా బావగారి బండికి మీ కెమెరా, మీ స్పీకర్లు నేనే దగ్గరుండి పెట్టించాను. మా యార్డులో ఎవరు కారు కొన్నా "సామాను వీళ్ల దగ్గర తీసుకోండి, మంచి కంపెనీ" అని చెప్పింది ఈ నోరే. మీ దగ్గర కమీషన్ అడిగానా? పండక్కి స్వీటు డబ్బా పంపమన్నానా? ఫోన్ చేస్తే మనిషిలా పలకమన్నాను, అంతే. ఇన్నాళ్ల పరిచయానికి మీరిచ్చింది "మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అనే మెసేజ్. అది మాత్రం పిన్‌కోడ్ అడగకుండా, రోజూ టంచనుగా వస్తోంది.

ఇక చట్టం సంగతి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలనీ, నెలలోగా తేల్చాలనీ 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసున్న ఊరికి రానక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకైతే ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ముందుగా ఫోన్ చేయబోతున్నాను. వాళ్లయినా ఎత్తుతారు. అప్పటికీ మీరు కదలకపోతే కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే కార్ల వరస మీరెప్పుడైనా చూశారో లేదో. ఆ దారి పక్కన ఫ్లెక్సీ కట్టిస్తాను. ఒక పక్క మీ ప్రకటన, పక్కనే నా అద్దం ఫోటో, కింద "చెయ్యి కదిలినట్టుంది సార్" అన్న మీ మెసేజ్. ఫ్లెక్సీ ఖర్చు నాదే.

అంతదాకా తెచ్చుకోవద్దంటే, సరైన అద్దం మీ ఖర్చుతో వేయించండి. కుదరదంటే కిట్టు తీసేసి, కోసిన డ్యాష్‌బోర్డు కొత్తది బిగించి, డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి. రెండూ చేయలేమంటే ఆ ముక్కయినా పేరూ హోదా ఉన్న మనిషి నాకు ఫోన్ చేసి తెలుగులో చెప్పాలి. పొద్దున్న ఎనిమిది లోపు గానీ సాయంత్రం ఆరు తర్వాత గానీ చేయండి, మధ్యలో కాయల లెక్కలో ఉంటాను. "నో రిప్లై" అని ఉండే అడ్రసు నుంచి మెయిల్ పంపితే మాత్రం అది అందినట్టు లెక్క కాదు. అలాగే, నేను చెప్పేదాకా నా ఫిర్యాదును ఎవరూ 'పరిష్కారం' చేయకండి.

ఇట్లు,
అందుబాటులోనే ఉన్న మీ అంబాజీపేట కస్టమర్

జత: బిల్లు, కోసిన డ్యాష్‌బోర్డు ఫోటో, చెయ్యి కదలని ఫోటో