లారీలో రెండో సీటు మళ్లీ నిండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

వ్యాపారాలు మందగించినప్పుడల్లా మా చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఒక మార్పు కనిపిస్తుంది. శ్రీపెరంబుదూరు, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లలు పని పోగొట్టుకుని ఇళ్లకు చేరతారు. కొద్ది రోజులు గడిచేసరికి వాళ్లలో కొందరు పెద్ద లారీలు తోలడానికి కావలసిన హెవీ లైసెన్సు కోసం డ్రైవింగ్ స్కూళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. స్టీరింగు పట్టుకున్నవాడికి తిండికి లోటుండదన్న నమ్మకం మా వైపు బలంగా ఉంది. ఇప్పుడూ అదే జరుగుతోంది. చాలా ఏళ్లు లారీ తోలి, ఆ తరువాత ఒక బండికి యజమానినైన వాడిగా ఈ పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు, సాటి యజమానులకు, రవాణా శాఖవారికి కొన్ని మాటలు చెప్పవలసి ఉన్నందున ఈ లేఖ రాస్తున్నాను.

కష్టకాలంలో ఈ వృత్తిలోకి రావద్దని నేను అనను, రమ్మనే చెబుతాను. అయితే చాలామంది వస్తున్న దారి మాత్రం సరైనది కాదు. కొందరు పని నేర్వకముందే అప్పు చేసి లారీ కొంటున్నారు. మరికొందరు లైసెన్సు చేతికి రాగానే పది చక్రాల బండిలో ఒంటరిగా ఎక్కి కూర్చుంటున్నారు. డ్రైవరు పక్కన కూర్చుని పని నేర్చుకునే రెండో సీటు మన లారీల్లో ఖాళీ అయిపోవడమే ఈ రెండింటికీ మూలమని నా అభిప్రాయం.

ముందుగా అప్పు సంగతి. కిరాయిలు పడిపోయినప్పుడు సెకండ్‌హ్యాండ్ లారీలు చౌకగా దొరుకుతాయి, ఎందుకంటే కంతులు కట్టలేనివాళ్లు అమ్ముకుంటారు, ఫైనాన్సువాళ్లు పట్టుకొచ్చిన బండ్లను వేలం వేస్తారు. ధర తక్కువగా ఉందని ఆశపడి, తల్లి నగలు కుదువపెట్టి ముందు డబ్బు కట్టే కుర్రవాడు ఒక్క విషయం ఆలోచించాలి. ఏళ్ల తరబడి అనుభవం ఉన్న యజమానే నిలబెట్టుకోలేకపోయిన బండిని, అవే కిరాయిలతో తాను ఎలా నిలబెట్టుకోగలడు? లోడు దొరికినా దొరకకపోయినా కంతు తేదీ మారదు. మూడు నెలలకోసారి కట్టే ట్యాక్సు, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, టైర్ల ఖర్చు వరుసగా వస్తూనే ఉంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటుతో ఆగస్టు ఆఖరు వరకు కంతులు వాయిదా వేసుకోగలిగాం, అది మాకు నిజంగా ఊపిరి పోసింది. అయినా ఆ ఆరు నెలల వడ్డీ మాఫీ కాలేదు, బాకీకే చేరింది. అటువంటి వెసులుబాటు ప్రతిసారీ దొరుకుతుందని ఎవరూ లెక్క వేసుకోకూడదు.

కిరాయిలు పడడానికి సరుకు తగ్గడం ఒక్కటే కారణం కాదన్న సంగతి కూడా కొత్తవాళ్లకు తెలియాలి. 2018 జూలైలో కేంద్రం లారీల బరువు పరిమితిని 25 శాతం వరకు పెంచింది. దాంతో ఉన్న బండ్లే ఎక్కువ సరుకు మోయగలిగాయి. మరుసటి ఏడాది మార్కెట్టు మందగించేసరికి సరుకు తక్కువ, బండ్లు ఎక్కువ అయ్యాయి. కంతు కట్టాలి గనుక యజమాని నష్టానికైనా లోడు ఎత్తుతాడు. ఒకడు ఎత్తాడంటే పక్కవాడూ అదే రేటుకు దిగక తప్పదు. ఆ కోత చివరికి డ్రైవరు బత్తా (దారి ఖర్చులకిచ్చే డబ్బు) మీద పడుతుంది. అందువల్ల మొదటి మూడు నాలుగేళ్లు జీతానికే తోలండి, ఇంటి స్థలం, బంగారం జోలికి వెళ్లకండి అని పిల్లలను బతిమాలుకుంటున్నాను.

జీతానికి చేరేటప్పుడు కూడా ఏ సరుకు మోసే బండి ఎక్కుతున్నామో చూసుకోవాలి. ఇళ్లు కట్టడం, కొత్త వాహనాలు కొనడం తగ్గగానే గ్రానైటు, సిమెంటు, ఇనుము, కార్ల విడిభాగాల లోడ్లు ముందుగా ఆగిపోతాయి. పాలు, కూరగాయలు, రేషను బియ్యం, పశువుల దాణా మాత్రం ఆగవు. 2020 ఏప్రిల్‌లో రోడ్లన్నీ బోసిపోయి ఉన్నప్పుడు కూడా పాల ట్యాంకర్లు తిరిగాయి. మదనపల్లె టమోటా లోడు సాయంత్రం బయలుదేరితే తెల్లవారకముందే చెన్నై కోయంబేడు చేరాలి, ఆలస్యమైతే రైతుకు రేటు పోతుంది. అటువంటి బండిలో పనిచేసినవాడికి సమయం విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. మామిడి లోడ్లు సీజనుకే పరిమితం. పైగా 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు పల్పు ఫ్యాక్టరీల ముందు బండ్లు ఎంత పొడవున బారులు తీరాయో జిల్లా అంతా చూసింది. అలా నిలిచిపోయిన రోజులకు, చెన్నై మాధవరంలోనో బెంగళూరు యశ్వంతపురంలోనో రిటర్న్ లోడు కోసం పడిగాపులు పడే రోజులకు బత్తా ఉంటుందా, ఉంటే ఎంత అన్నది బండి ఎక్కకముందే తేల్చుకోవాలి. మొహమాటపడి అడగని కుర్రవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

ఇక లైసెన్సు. చట్టం ప్రకారం రవాణా వాహనం తోలడానికి 20 ఏళ్లు నిండాలి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు తీసుకుని ఏడాది గడిచాకే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఇస్తారు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాలను లైట్ లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఈ తీర్పు వల్ల మన పిల్లలకు ఎంతో మేలుంది. వయసు నిండినవాడు ఆ ఏడాదీ ఖాళీగా కూర్చోకుండా పికప్పుల మీద, చిన్న లారీల మీద పాలో కూరగాయలో తోలుతూ, నాలుగు డబ్బులు సంపాదిస్తూ చేయి తిప్పుకోవచ్చు. ఈ మెట్టు దాటకుండా పెద్ద బండి ఎక్కవద్దు.

లైసెన్సు పరీక్షలో ఖాళీ బండిని చదునైన చోట తిప్పి చూపిస్తే సరిపోతుంది. లోడు బండి తీరే వేరు. పలమనేరు వైపు నుంచి గ్రానైటు దిమ్మెలతో మొగిలి ఘాటు దిగాలంటే, దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించుకోవాలి. మధ్యలో తగ్గిద్దామనుకుంటే గేరు పడకపోవచ్చు, అప్పుడు బండి న్యూట్రల్‌లో పరుగెత్తుతుంది. ఇంజను పొగదారిని మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వేసి, వేగాన్ని ఇంజను మీదే పట్టుకుంటూ రావాలి. అదేపనిగా కాలు బ్రేకు మీద ఉంచితే డ్రమ్ములు వేడెక్కి లైనర్లు కాలిన వాసన వస్తుంది, ఆ తరువాత ఎంత తొక్కినా బండి ఆగదు. బ్రేకుల గాలి ఒత్తిడి చూపే ఎయిర్ మీటరు ముల్లు మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండాలి. నాలుగు లీటర్ల డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి ఘాటు దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారంటే, వాళ్లకు పక్కన కూర్చుని చెప్పిన పెద్దవాడు లేడన్నమాట.

మా తరం ఇదంతా ఆ రెండో సీటులో, అంటే డ్రైవరుకు సాయంగా ఉండే క్లీనరు సీటులో కూర్చుని నేర్చుకుంది. బండి ఆగినప్పుడల్లా ఇనుప రాడ్డుతో టైర్లన్నీ కొట్టి చూసేవాళ్లం. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరిపడి టంగుమంటుంది, తగ్గితే మొద్దుగా మోగుతుంది. జోడు టైర్లలో లోపలిది మెత్తబడితే కంటికి కనిపించదు, చెవికే తెలుస్తుంది. సరుకు మీద కప్పే పట్టా తాడు ఎక్కడ లాగి ముడి వేయాలి, రివర్సు తీసేటప్పుడు ఏ పక్కన నిలబడి డ్రైవరుకు చెప్పాలి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కాగితాలు ఎలా సరిచూసుకోవాలి, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు బండి ఎక్కడ ఆపాలి అన్నవి ఏ పుస్తకంలోనూ దొరకవు. క్లీనరు బత్తా మిగులుతుందని యజమానులమే ఆ సీటు ఖాళీ చేశాం. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను కేంద్రం కూడా 2018లో తొలగించింది. విత్తనపు గింజలు వండుకుని తినేసి, పంట రాలేదని వాపోయే రైతు పరిస్థితి మాది. డ్రైవర్లు దొరకడం లేదని సంఘం సమావేశాల్లో బాధపడుతున్నది మేమే.

ఈ సీటును తిరిగి నింపడానికి వ్యాపారం మందగించిన కాలమే అనువైనదని నాకు గట్టిగా అనిపిస్తోంది. బండ్లు నిలబడి ఉన్నప్పుడు, తొందర లేనప్పుడు నేర్పడానికి డ్రైవరుకు ఓపిక ఉంటుంది. ఇప్పుడు పక్క సీటులో చేరినవాడు కిరాయిలు కోలుకునే నాటికి చేతికి అందివస్తాడు. ఆ ఖర్చంతా యజమానే భరించాలంటే ఒకటి రెండు బండ్లవాళ్లకు సాధ్యం కాదు. శిక్షణలో ఉన్న పిల్లవాడికి ఆరు నెలల పాటు బత్తాలో సగం రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఇచ్చి, మిగతా సగం యజమాని పెట్టుకునేలా ఒక పథకం ఉంటే బాగుంటుంది. నేర్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఏళ్ల తరబడి తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులు నడిపి రిటైరైన ఆర్టీసీ డ్రైవర్లు తిరుపతిలో ఎందరో ఉన్నారు. ఘాటులో బండి దించడం వాళ్లకంటే బాగా ఎవరు నేర్పగలరు? గౌరవవేతనం ఇచ్చి వాళ్లను పిలిపించాలి.

పనివేళల విషయంలోనూ ప్రభుత్వం కలగజేసుకోవాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టినా, అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే పరిమితమైంది. చిన్న యజమానుల దగ్గర చేరే కొత్త డ్రైవరుకు ఆ రక్షణ అందలేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేయడం మంచి పనే గానీ, కొత్తగా చేరేవాడికి సాధారణంగా దక్కేది పాత బండే. హైవేల పక్కన లారీ నిలుపుకుని, స్నానం చేసి, డీజిలు దొంగల భయం లేకుండా పడుకోగలిగే చోట్లు మా జిల్లాలో చాలా తక్కువ. పిల్లలకు మరో మాట. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకులో కట్టించుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ప్రమాదవశాత్తు మరణిస్తే కుటుంబానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. మొదటి ట్రిప్పుకు బయలుదేరకముందే అందులో చేరండి.

లారీ డ్రైవరంటే పిల్లనివ్వడానికి వెనకాడే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. అలా వెనకాడడానికి కారణాలు లేకపోలేదు. ఇంటికి ఎప్పుడొస్తాడో తెలియదు, జీతం ఎంతో తెలియదు, ప్రమాదం జరిగితే దిక్కెవరో తెలియదు. ఈ మూడింటికీ కాగితం మీద సమాధానం ఉంటే, అంటే నెలకు ఇన్ని రోజులు సెలవు, ఇంత జీతం, ఇంత బీమా అని యజమాని రాసిచ్చే పద్ధతి వస్తే, ఆ ఇళ్ల ఆలోచన మారుతుందని నేను నమ్ముతున్నాను. నా బండి డ్రైవరుకు అలా రాసిచ్చాను, సాటి యజమానులు కూడా ఇవ్వాలని కోరుతున్నాను.

బంగారుపాళ్యం మార్కెట్టుకు మామిడి రావడం మొదలైతే ఏ యజమానికీ, ఏ అధికారికీ తీరిక ఉండదు. సీజనుకు ముందే రెండు జిల్లాల కలెక్టర్లు రవాణా శాఖను, ఆర్టీసీని, నైపుణ్యాభివృద్ధి సంస్థను, లారీ యజమానుల, డ్రైవర్ల సంఘాలను ఒకచోట కూర్చోబెట్టి, ఈ ఏడాది ఎన్ని లారీల్లో రెండో సీటుకు పిల్లలను తీసుకోగలమో తేల్చాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని, పూర్వపు డ్రైవరు,
చిత్తూరు