ఫార్మాట్ కొట్టే ముందు ఆ ఎర్రర్ చదవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో కొత్త ఫోన్ల గురించి వారం వారం రాస్తున్నారు, సంతోషమే, కానీ పాత కంప్యూటర్ల గురించి కూడా అప్పుడప్పుడు నాలుగు ముక్కలు రాయండి.

మా ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఇంకా నడుస్తోంది. 2014 ఏప్రిల్‌లోనే మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది కాబట్టి నెట్ పీకేశాం, పాత లెక్కల సాఫ్ట్‌వేర్ కోసమే ఉంచుకున్నాం. మొన్న పని మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద, 'సిస్టమ్32'లోని 'కాన్ఫిగ్' ఫోల్డర్లో 'సిస్టమ్' అనే ఫైల్ లేదు లేదా పాడైంది అని ఇంగ్లిష్‌లో రెండు మూడు లైన్లు. రిపేర్‌కి వచ్చినతను అవి చదవనైనా చదవకుండా ఫార్మాట్ తప్పదనేశాడు, అంటే డిస్క్ అంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేయడమే.

ఆ ఫైల్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఒక భాగం. విండోస్ వేసినప్పటి దాని కాపీ ఒకటి 'రిపేర్' అనే ఫోల్డర్లో పడి ఉంటుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. సెటప్ సీడీతో బూట్ చేసి, ఆర్ నొక్కి, విండోస్ లేవకపోయినా కమాండ్లు టైప్ చేసి బాగుచేసుకునే రికవరీ కన్సోల్‌లోకి వెళ్లాను. పాడైన ఫైల్‌ని డిలీట్ చేయకుండా వేరే పేరుతో కాపీ తీసి పెట్టుకుని (ఇది మర్చిపోవద్దు), రిపేర్‌లోని దాన్ని ఆ చోట కాపీ చేసి రీస్టార్ట్ కొట్టాను. విండోస్ లేచింది! ఐకాన్లు మాత్రం ఇంతింత లావున కనిపించాయి, ఎందుకంటే ఆ కాపీ తీసిన నాటికి డిస్‌ప్లే డ్రైవర్ ఇంకా వేయలేదు. తర్వాత, విండోస్ తనంతట తానే అప్పుడప్పుడు కాపీలు తీసి దాచే సిస్టమ్ రీస్టోర్ నుంచి ఆ ఫైల్ కొత్త కాపీ తెచ్చి పెడితే అదీ సర్దుకుంది. కంపెనీవాళ్లే విండోస్ వేసి ఇచ్చిన మెషిన్లకైతే ఈ రిపేర్ ఫోల్డర్ పద్ధతి వాడొద్దు, యూజర్ అకౌంట్లు, పాస్‌వర్డ్‌ల దగ్గర చిక్కు వస్తుంది.

విండోస్ మామూలుగానే లేచి, దాని సొంత ఫైల్ ఏదో ఒకటి చెడిందంటే ఇంకా తేలిక, కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ' (sfc /scannow) కొడితే అదే వెతికి సరిచేస్తుంది. అంతేగానీ ఊరూ పేరూ లేని సైట్ల నుంచి డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైళ్లు) దింపి పెట్టుకుంటే వైరస్‌ని చేతులారా పిలుచుకున్నట్టే.

ఇంతా చేశాక కొన్నాళ్లకే మళ్లీ అదే ఎర్రర్ వస్తే హార్డ్ డిస్క్‌నో ర్యామ్‌నో అనుమానించాలి. నేను చెక్‌డిస్క్ పెట్టి చూస్తే బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్‌లో చెడిపోయిన చోట్లు, బయటపడ్డాయి, అందుకే ఇప్పుడు ఆ లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు