వంటల పేజీలో మన డబ్బాల్లో ఉన్నవాటితో చేసే వంటలు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ మా ఇంటికి మా మావయ్య గారి టైం నుంచి వస్తోంది, ఆదివారం బుక్ రాగానే వంటల పేజీ ముందు తీసేది నేనే. ఈ మధ్య ఆ పేజీ చూస్తే మనసుకి కష్టంగా ఉంటోందండి, అందుకే రాస్తున్నా. పనీర్, మయోనీజ్, చీజ్, బేబీ కార్న్, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట... పండక్కో, చుట్టాలు వచ్చినప్పుడో ఇవి చేసుకోవచ్చు, నేను కాదనను. కానీ మంగళవారం సాయంత్రం ఏడింటికి డ్యూటీ నుంచి వచ్చేసరికి ఫ్రిజ్‌లో రెండు టమాటాలు, ఒక వాడిపోయిన దోసకాయ తప్ప ఏం లేకపోతే, పిల్లలేమో ఆకలి అంటుంటే ఏం వండాలి? ఆ జవాబు మీ పేజీలో నాకు దొరకట్లేదు. అది దొరక్కే చాలా ఇళ్ళల్లో ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెట్టేస్తున్నారు, మా ఇంట్లో కూడా రెండేళ్ళ క్రితం వరకు వారానికి మూడు రోజులు అదే నడిచింది. నెలాఖరుకి లెక్క చూస్తే భయం వేసేది.

అప్పుడు మా అమ్మ వచ్చి ఒక నెల ఉండి నాకు మళ్ళీ మొదటి నుంచి నేర్పింది. కొత్త వంటలేం కాదు, ఒక రోజు పని చేసి నాలుగు రోజులు తినడం ఎలాగో నేర్పింది అంతే. ఆదివారం పొద్దున గ్లాసు మినపప్పు నానబోసి సాయంత్రం రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండేసి కలిపి రాత్రంతా బయట ఉంచితే సోమవారం పొద్దున ఇడ్లీలు, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టేస్తే మంగళవారం రాత్రి దళసరి మూకుట్లో అదే పిండితో దిబ్బరొట్టె, బుధవారానికి కాస్త పులుస్తుంది కదా, దాంట్లో ఉల్లిపాయ, జీలకర్ర, పచ్చిమిర్చి, కొంచెం బియ్యప్పిండి వేసి గుంత పొంగణాలు. మూడు పూటలు మూడు రకాలు, రుబ్బింది ఒక్కసారే. అలాగే కందిపప్పు ఒకేసారి రెండు రోజులకి సరిపడా ఉడికించి సగం ఆ పూటే ముద్దపప్పో టమాటా పప్పో చేసి, మిగతాది చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రేపటికి పప్పుచారు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

ఇంక పులిహోర పులుసు. ఇది ఉంటే ధైర్యం అండి. 100 గ్రాముల చింతపండు వేణ్ణీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి, ఉప్పు, పసుపు, చీల్చిన పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్క, నువ్వుల నూనె ధారాళంగా వేసి సన్నసెగ మీద నూనె పైకి తేలేదాకా ఉడికించాలి, మధ్యలో ఆపకూడదు, నీళ్ళుంటే నిలవుండదు. పూర్తిగా చల్లారాక తడిలేని సీసాలో తీసి ఫ్రిజ్‌లో పెడితే మా నలుగురికి రెండు మూడు సార్లకి వస్తుంది. అన్నం వండి ఆరబోసుకుని అప్పటికప్పుడు పల్లీలు, శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి కలపడమే. మా అబ్బాయి తొమ్మిదో క్లాసు, వాడే కలిపేస్తాడు ఇప్పుడు. కందిపొడి, కరివేపాకు పొడి మిక్సీ పట్టే పని మా వారిది. ఇది ఎందుకు చెప్తున్నానంటే ముందే చేసి పెట్టుకునే వంట ఆడవాళ్ళ ఆదివారం కూడా లాక్కుంటే అది ఎవరికీ మంచిది కాదు, మీ పేజీలో ఫోటోల్లో కూడా ఎప్పుడూ ఆడవాళ్ళే ఉంటారు, అదొకటి మార్చండి దయచేసి.

ప్రాంతానికో పద్ధతి ఉంది మనకి, అవన్నీ ఒకరికొకరం తెలుసుకోవట్లేదు అనేది నా అసలు బాధ. మా ఆఫీసులో కరీంనగర్ అమ్మాయి ఒకావిడ ఉంది, ఆవిడ చెప్పేదాకా నాకు పచ్చిపులుసు సరిగ్గా తెలీదు. పలచటి చింతపండు రసంలో మంట మీద కాల్చిన మిరపకాయలు, ఉల్లిపాయ, ఉప్పు వేసి చేత్తో పిసికి, కొత్తిమీర, కొంచెం నువ్వుల పొడి వేసి పోపు పెట్టడం, పులుసు పొయ్యి ఎక్కే పనే లేదు, ముద్దపప్పుతో తింటే ఎండాకాలం ప్రాణం లేచొస్తుంది. కర్నూలు, అనంతపురం వైపు ఉగ్గాని అయితే బొరుగులు నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపులో వేసి పైన పుట్నాల పొడి చల్లితే టిఫిన్ అయిపోయినట్టే. మా కృష్ణా జిల్లాలో ఉప్పిండి ఉంది, బియ్యపు రవ్వ, పెసరపప్పు, జీలకర్ర, కొబ్బరి, గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు, పాత బియ్యం అయితే ఇంకో అరగ్లాసు. అడుగున పట్టిన ఎర్రటి చెక్క కోసం మేం అక్కచెల్లెళ్ళం కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు నా పిల్లలు కొట్టుకుంటున్నారు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా ఆడపడుచు వాళ్ళు సింగ్ నగర్‌లో రెండో అంతస్తులో ఇరుక్కుపోయారు, కరెంట్ లేదు, పాలు లేవు, కూరగాయల ఊసే లేదు, కింద ఇంటి వాళ్ళు కూడా పైకొచ్చేశారు. పడవల్లో పొట్లాలు అందేదాకా ఆ రెండు కుటుంబాల్ని నిలబెట్టింది ఒక గ్యాస్ బండ, రెండు క్యాన్ల మంచినీళ్ళు, బియ్యం, కందిపొడి, అటుకులు, వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీ. అటుకుల్లో ఆవకాయ కలిపి పిల్లలకి పెట్టానని వదిన ఫోన్‌లో చెప్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అటుకుల డబ్బా ఖాళీ అవ్వనివ్వలేదు నేను.

ఒక్క జాగ్రత్త మాత్రం మీరు తప్పకుండా రాయాలి. నిలవ వంటలంటే ఉప్పు ఎక్కువ పడుతుంది, ఆవకాయ, చల్ల మిరపకాయలు, వడియాలు అన్నీ అంతే. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కూడా ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దనే చెప్తున్నారు. మా అత్తయ్యకి బీపీ, అందుకని ఆవిడకి కందిపొడి సగం ఉప్పుతో వేరే చిన్న డబ్బాలో చేస్తాం, చల్ల మిరపకాయలు ఆవిడ కంచంలో వెయ్యం. పల్లీలు, కొబ్బరి వేసిన పొడులు త్వరగా వాసన వస్తాయి కాబట్టి పది పదిహేను రోజులకి సరిపడా మాత్రమే చేసుకోవాలి. వండిన అన్నం ఎక్కువ సేపు బయట వదిలేయకూడదు. ఇలాంటివి తెలీక పిల్లలకి వాంతులు అయితే నిలవ వంట మీదే నమ్మకం పోతుంది.

అందుకని ఎడిటర్ గారూ, వారానికి ఒక్క పావు పేజీ ఇవ్వండి చాలు. ఒక వారం శ్రీకాకుళం, ఒక వారం ఆదిలాబాద్, ఒక వారం కడప, ఆ ఊళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగి కూరగాయలు లేని రోజు ఏం వండుతారో, ఏది ఎన్నాళ్ళు నిలవుంటుందో రాయించండి. గిద్దె, సోల, తవ్వ అని వాళ్ళు చెప్తారు, ఇప్పటి పిల్లలకి అవి తెలీవు కాబట్టి గ్లాసుల్లో, గ్రాముల్లో కూడా వేయండి. మా అమ్మ చెప్తుంటే నేను రాసుకున్న నోటుబుక్ ఉంది, నలభై వంటల దాకా ఉంటాయి, ప్రతిదీ మా ఇంట్లో చేసి చూసినవే. మీరు సరే అంటే పేజీలన్నీ ఫోటోలు తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ